కుళాయిల దగ్గరి చెప్పులు

జులై 6

బుడ్డీ,

ఎలా ఉన్నావే? ఫోన్ చెయ్యొద్దు, ఉత్తరం రాయి అన్నానని కోపం పెట్టుకోకు. ఫోన్ ఎత్తితే నువ్వు "అమ్మా" అంటావు, నేను "ఊఁ" అంటాను, ఇక ఇద్దరం ఏడుపే. ఒక్క మాటా సాగదు. కాగితం మీదైతే ఏడుపొచ్చినప్పుడు కలం పక్కన పెట్టి, ముక్కు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టొచ్చు. నా రాత కోడి కెలికినట్టు ఉంటుందని నవ్వకు. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చేదాకానే నన్ను బడికి పంపారు. తప్పులుంటే నువ్వే దిద్దుకుని చదువుకో.

ఇక్కడ అంతా అలాగే ఉంది. మీ అన్న పోయిన రోజు కుట్టుమిషన్ మీద కప్పిన దుప్పటి ఇంకా తియ్యలేదు. పక్కింటి టీచరమ్మ పిల్లల యూనిఫారాలకని గుడ్డ తెచ్చి పెట్టింది. ఆ మూట విప్పలేదు. "ఇంకెవరికైనా ఇచ్చుకో తల్లీ" అంటే, "నువ్వు కుట్టేదాకా మా వాళ్ళు పాతవే వేసుకుంటారు" అని మొండికేసింది. ఆవిడ చిన్న కూతురి గౌను మోకాళ్ళ మీదికి ఎగబాకింది. అది గౌను కిందికి లాక్కుంటూ పరిగెడుతుంటే నవ్వొస్తుంది. నవ్వు రాగానే వాడు గుర్తొస్తాడు. నవ్వు గొంతులోనే ఆగిపోతుంది.

అసలు సంగతికి వస్తాను. నిన్న పాలతను చెప్పాడు. "పెద్దమ్మా, మీ మెకానిక్ అబ్బాయి చెప్పులు మసీదులో కుళాయిల దగ్గరే ఉన్నాయి కదా, అందరూ వాటిల్లోనే కాళ్ళు పెట్టి తిరుగుతున్నారు" అని. పాలగిన్నె అలాగే పట్టుకుని లోపలికొచ్చేశాను, డబ్బులివ్వడం కూడా మర్చిపోయాను.

నమాజు వరసలో నిలబడ్డవాడు అలాగే ఒరిగిపోయాడాయె. నలుగురూ ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. ఒట్టికాళ్ళతో వెళ్ళాడు నా కొడుకు. చెప్పులు ఎవరికి గుర్తుంటాయి? నాకే గుర్తు లేదు. నువ్వు మీ చెప్పుల ఫ్యాక్టరీలో మొట్టమొదట కుట్టి పంపిన జత. పట్టీ లోపల ఎర్ర దారంతో గుర్తు పెట్టావు చూడు, అవే. ఇప్పుడు నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి వెళ్ళే ప్రతివాడి తడి కాళ్ళూ వాటిల్లోనే.

వెళ్ళి తెచ్చుకుందామంటే గడప దాటబుద్ధి కావడం లేదు. వాడు ఒరిగిపోయిన ఆ మసీదు గేటు ఎలా చూడను? ఏం చెయ్యమంటావో రాయి.

నీ దారే చూసే
అమ్మ


జులై 17

అమ్మా,

నీ ఉత్తరం భోజనాల గంటలో విప్పాను. మళ్ళీ గంట కొట్టేదాకా ముద్ద దిగలేదు.

అవి తోలు పట్టీలమ్మా! నీళ్ళు తగిలితే బిరుసెక్కి పగిలిపోతాయి. ఒక్కో కుట్టూ విప్పి మళ్ళీ వేశాను. మా సూపర్‌వైజరు "నీ అన్నకేనా, మహారాజుకా?" అని ఎగతాళి చేశాడు. "మా అన్నకే, మహారాజు ఎవడు?" అన్నాను. ఆ చెప్పులు ఇప్పుడు ఊరందరి కాళ్ళ కిందా నానుతున్నాయంటే నేనెలా ఊరుకోను?

నువ్వేమీ చెయ్యక్కర్లేదు. మసీదు కమిటీ పెద్ద, ఆ ఇనుప కొట్టాయనకి నేనే రాసేశాను. పోయినవాడి చెప్పులు వాడుకోవడానికి మనసెలా ఒప్పింది, మా అమ్మకి తెచ్చి అప్పగించండి అని. ఇంకో రెండు మాటలు గట్టిగానే అన్నాను. అంటే తప్పేంటి? మోటారు ఆగితే అన్న. ఫ్యాను తిరక్కపోతే అన్న. పనిలోంచి వచ్చి చెయ్యి కడుక్కోకుండానే మళ్ళీ మసీదు. నువ్వు వడ్డించి కూర్చునేదానివి, గుర్తుందా? మనిషినంతా ఇచ్చాం. చెప్పులు కూడానా?

ఇక్కడ మా ఫ్యాక్టరీ గేటు పక్కనే ఒక మసీదుంది. అన్న పోయాక నేను రోడ్డు దాటి అవతలి వైపు నుంచి నడుస్తున్నాను. నా గదిలో ఉండే అమ్మాయి మంచిదే కానీ, గురక పెడితే కిటికీ అద్దాలు గడగడలాడతాయి. నా గురించి దిగులు పెట్టుకోకు.

నీ
బుడ్డి


జులై 29

బుడ్డీ, నా తల్లీ,

చెప్పులు ఇంటికొచ్చాయి.

ముగ్గురొచ్చారు. ఇనుప కొట్టాయన, ఇమాం గారు, అజాన్ ఇచ్చే తాత. మీరిద్దరూ చిన్నప్పుడు ఆయన గొంతు అనుకరించి తన్నులు తిన్నారే, ఆ తాతే. కుర్చీలు వేశాను, కూర్చోలేదు. చెప్పులు కడిగి, ఆరబెట్టి, తెల్లగుడ్డలో చుట్టి తెచ్చారు. పసిబిడ్డని అందించినట్టు రెండు చేతులతో అందించాడు ఇనుప కొట్టాయన. "మీకు తెలుసనే అనుకున్నాం చెల్లెమ్మా, తప్పయిపోయింది" అన్నాడు. తాత ఏదో చెప్పబోయాడు. ఇనుప కొట్టాయన మోచేత్తో పొడిస్తే ఆగిపోయాడు. నాకూ అడగబుద్ధి కాలేదు. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

వాళ్ళు వెళ్ళాక గుడ్డ విప్పి చూశాను. నువ్వు రాసినట్టు పట్టీ పగిలింది. కానీ పగిలినచోట ఎవరో కరెంటు వైరు పైతొడుగు చీల్చి, అందంగా మెలివేసి కట్టారు. మడమ దగ్గర సైకిల్ ట్యూబు ముక్క అతికించారు. ఇంకోచోట కుట్టు ఊడితే గోనెసంచి దారంతో కుట్టారు. కుట్టు వంకరే, కానీ గట్టిగా ఉంది. నేను కుట్టుపని చేసేదాన్ని కదా, చూస్తే తెలుస్తుంది, అది ఒక్కరి చెయ్యి కాదు. నీ ఎర్ర దారం మాత్రం అలాగే ఉంది.

వాటిని మంచం కింద పెట్టాను. నిద్ర లేవగానే కనపడుతున్నాయని బీరువా పక్కకి మార్చాను. తర్వాత గుమ్మం దగ్గర పెట్టాను. టీచరమ్మ వచ్చి "ఇంట్లో ఎవరైనా మగవాళ్ళు వచ్చారా?" అంది. తియ్యలేను, చూడలేను. అవి వచ్చాక ఇల్లు ఇంకా బరువెక్కిందే తల్లీ.

ఇంకో సంగతి. ఎందుకొచ్చిన గొడవ అని ఇనుప కొట్టాయన కుళాయిల దగ్గర అందరూ వాడుకునే మిగతా చెప్పులన్నీ తీయించేశాడట. ఎవరివి ఎవరివో, మళ్ళీ ఎవరితో మాటపడాలో అని. మర్నాడే తాత ఒట్టికాళ్ళతో ఆ తడి బండ మీదికి వెళ్ళి జారిపడ్డాడు. చెయ్యికి కట్టు కట్టారు. ఇప్పుడు ఇంకెవరో అజాన్ ఇస్తున్నారు. గొంతు బాగానే ఉంది, కానీ ఆ పిలుపు మన తాతది కాదు. ఆయన పిలిస్తేనే నేను పొయ్యి వెలిగించేదాన్ని, పిలిస్తేనే మిషన్ ఆపేదాన్ని. ఇప్పుడు వేళ తెలియక అన్నం మెత్తబడిపోతోంది.

టీచరమ్మ చిన్న కూతురు నీకు ముద్దులు పంపింది. కాగితం మీద జిడ్డు మరక అదే.

అమ్మ


ఆగస్టు 8

అమ్మా,

నేరుగానే అనొచ్చుగా. తాత పడ్డది నీ ఉత్తరం వల్లేనే అని. బరువెక్కింది, మెత్తబడింది అని చుట్టూ తిప్పి రాయడం ఎందుకు? ఏం చెయ్యమంటావో రాయి అన్నది నువ్వు. చేశాను. చేశాక చెప్పులొద్దు, తాత గొంతు కావాలి అంటున్నావు. కూతురు మాట కన్నా మసీదు వాళ్ళ మాటే నీకు ఎక్కువైనట్టుంది. అన్నకీ అంతే. ఈ ఇంట్లో నేనొక్కదాన్నే పరాయిదాన్ని.

వచ్చే నెల సెలవు అడిగి పెట్టాను. వద్దని చెప్పేస్తాను. వచ్చి నేనింకేం పాడు చెయ్యాలి?

ఉంటాను.

తాత చెయ్యి ఎముక విరిగిందా, బెణికిందా? రాయలేదు నువ్వు.


ఆగస్టు 20

పిచ్చి బుడ్డీ,

నీ ఉత్తరం టీచరమ్మ చేత కూడా చదివించాను, నేనేమైనా తప్పుగా చదివానేమోనని. ఆవిడా అదే చదివింది. "మీ అమ్మాయికి కోపం వస్తే అక్షరాలు కూడా పెద్దవవుతాయే" అంది.

నిన్ను అనలేదే తల్లీ. నాకు రాయడం రాదు. నోటికొచ్చింది వచ్చినట్టు పెడతాను, అది ఎక్కడో తగులుతుంది. నువ్వు పరాయిదానివైతే నాకింక సొంతం ఎవరు? బరువెక్కింది అన్నది చెప్పుల గురించి కాదు, నా గురించి. విను. మొదటి నుంచీ చెప్తాను.

పోయిన శుక్రవారం ఆ చెప్పుల్ని చూస్తూ కూర్చున్నాను. వాటి మీద దుమ్ము పడుతోంది. పైట కొంగుతో తుడిచాను. మళ్ళీ పడింది. మసీదులో ఉన్నన్నాళ్ళూ వాటి మీద దుమ్ము పడలేదు కదా అనిపించింది. అంతే. గుడ్డలో చుట్టుకుని, తలుపుకి గొళ్ళెం పెట్టి బయల్దేరాను. ఎంతమంది "వెళ్ళు, నలుగురిలో పడు" అన్నారు! ఎవరి మాటకీ లేవని కాళ్ళు అప్పుడు లేచాయి.

గేటు దగ్గర ఆగిపోయాను. మీ అన్న రోజూ రమ్మనేవాడు. "అమ్మా, పైన ఆడవాళ్ళ గది ఉంది, నీ కోసం ఫ్యాను కూడా బిగించాను" అనేవాడు. ఇంట్లో చేసుకుంటాలేరా అనేదాన్ని. ఇనుప కొట్టాయన నన్ను చూసి కుర్చీలోంచి ఉలిక్కిపడి లేచాడు. నా చేతిలో మూట చూసి మొహం తెల్లబోయింది.

"చెల్లెమ్మా, ఇంకేమైనా తప్పు జరిగిందా?"

"ఇవి ఎక్కడుండేవో అక్కడే పెట్టండి" అన్నాను.

"మీ అమ్మాయి..."

"మా అమ్మాయికి నేను చెప్పుకుంటాను. మీరు నన్ను కాసేపు కూర్చోనివ్వండి."

బుడ్డీ, మసీదంటే నమాజు చేసి వెళ్ళిపోయే చోటనుకున్నాను ఇన్నాళ్ళూ. అది ఎంత సందడి ఇల్లే! వరండాలో డాక్టరు గారు బల్ల వేసుకుని జ్వరాలు చూస్తున్నారు. ఆ చివర పిల్లలు చదువుకుంటూ, చదవడం కన్నా ఎక్కువ కిచకిచలాడుకుంటూ. ఒక మూల ఇమాం గారి ముందు మొగుడూ పెళ్ళాం చెరో వైపు మొహం పెట్టుకుని కూర్చున్నారు. "ముందు ఆయన్ని గొంతు తగ్గించమనండి" అని ఆవిడ గొంతు పెంచి చెప్తోంది. ఇమాం గారు విసనకర్రతో ఇద్దరికీ మార్చి మార్చి విసురుతున్నారు. ఎవరో దూరం నుంచి వచ్చిన లారీ డ్రైవరు తువ్వాలు మొహం మీద వేసుకుని చల్లటి బండ మీద నిద్రపోతున్నాడు. ఎవరూ లేపడం లేదు. గోడ మీద కాగితాలు: గది అద్దెకుంది, తాళాలు దొరికాయి, వంట మనిషి కావాలి. వీటన్నిటి మధ్యా మోటారు చప్పుడు. మీ అన్న బాగుచేసిన మోటారు. ఆ చప్పుడు వింటూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు. వాడు లోపల ఎక్కడో పనిలో ఉన్నట్టనిపించింది.

తాత మెడలో గుడ్డకట్టుతో వచ్చాడు. ఎముక చిట్లిందట, అతుక్కుంటోంది. మా ఇంటికొచ్చిన రోజు చెప్పబోయి ఆగిన మాట ఏమిటి బాబాయ్ అని అడిగాను. అప్పుడు చెప్పాడు.

ఆ చెప్పుల్ని ఎవరూ తీసుకోలేదట బుడ్డీ. మీ అన్నే ఇచ్చాడట, బతికుండగానే. తాత పాత హవాయి చెప్పులు అరిగి జారుతున్నాయని, "తాతా, ఇవి వేసుకెళ్ళు, మా చెల్లెలు కుట్టింది, జారవు" అన్నాడట. రోజూ అంతే. వీడు మసీదుకి రావడం, చెప్పులు కుళాయిల దగ్గర విడవడం, ఒట్టికాళ్ళతో మోటారు దగ్గరికి పోవడం. తాత ఒక్కడే కాదు, ఎవరొచ్చినా "మా చెల్లెలు కుట్టింది" అనేవాడట. "ఒకసారి ఇమాం గారిని కూడా నడిపించి చూపించాడమ్మా, సేల్స్‌మన్‌లాగా!" అన్నాడు తాత. వాడు పోయాక అవి అక్కడే ఉన్నాయి. పారెయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. తెగినప్పుడల్లా ఎవరికి చేతనైనట్టు వాళ్ళు కట్టారు. వైరు కట్టింది కరెంటు పని చేసే అతను. ట్యూబు అతికించింది సైకిల్ షాపతను. గోనెదారం ఇనుప కొట్టాయనే! అంత లావు వేళ్ళతో ఆ కుట్టు ఎలా వేశాడో.

"మరి ఆ మాట ఆ రోజే చెప్పొచ్చుగా?" అన్నాను.

"మీ అమ్మాయి బాధలో రాసింది. బాధలో ఉన్న మనిషితో వాదన ఏంటి చెల్లెమ్మా" అన్నాడు ఇనుప కొట్టాయన నేల చూస్తూ.

చెప్పులు నా చేత్తోనే కుళాయిల దగ్గర పెట్టాను. తాత అందరి ముందూ కాళ్ళు దూర్చి, అటూ ఇటూ నడిచి, "మీవాడిది పాదమా పడవా! నాకు మడమ వెనక ఇంకో మనిషికి చోటుంది" అన్నాడు. నవ్వేశాను. గొంతులో ఆగలేదు ఈసారి. బయటికే వచ్చింది.

పైన ఆడవాళ్ళ గదికి కూడా వెళ్ళాను. వాడి ఫ్యాను టకటకమంటుంది కానీ గాలి బాగానే వస్తుంది. నేనెవరో తెలిసి ఒక్కరూ "అయ్యో పాపం" అనలేదు. పక్కకి జరిగి చోటిచ్చారు. నమాజయ్యాక మందుల షాపు ఆవిడ మెట్ల దగ్గరి పరదా చిరిగిందని పిన్నులు పెడుతోంది. చూడలేక సూది అడిగాను. ఇక చూడు, ఒకరు "నాకూ నేర్పక్కా" అంటే ఇంకొకరు "నాకూ" అన్నారు. మొన్న నా మిషన్‌ని నలుగురు మోసి పైగదికి ఎక్కించారు. మధ్యాహ్నాలు అక్కడే. టీచరమ్మ పిల్లల యూనిఫారాలు ఆ ఫ్యాను కిందే అయిపోయాయి. చిన్నదాని మోకాళ్ళు ఇప్పుడు కనపడడం లేదు.

బుడ్డీ, ఒక్కటి అడుగుతాను, కాదనకు. మీ గేటు పక్కన మసీదుంది అన్నావుగా. అవతలి వైపు నుంచి నడవకు. ఒక్కసారి లోపలికి వెళ్ళి కూర్చో. నచ్చకపోతే వచ్చెయ్. సెలవు సంగతి నీ ఇష్టం. నేను బలవంతం చెయ్యను. ఇల్లు మాత్రం నీదే.

నీ
అమ్మ


సెప్టెంబర్ 3

అమ్మా,

"మా చెల్లెలు కుట్టింది, జారవు." ఈ ముక్క ఎన్నిసార్లు చదివానో. అన్న నాతో ఒక్కసారి కూడా బాగున్నాయి అనలేదమ్మా. అడిగితే "ఆఁ, కాళ్ళకి పడతాయిలే" అన్నాడు. దొంగ! ఊరంతా చెప్పి నాకొక్కదానికీ చెప్పలేదు.

ఇనుప కొట్టాయనకి మళ్ళీ రాశాను. ఈసారి అక్షరాలు చిన్నవే అని టీచరమ్మగారికి చెప్పు.

నిన్న పని దిగాక మసీదు ముందు నిలబడ్డాను. వెళ్ళనా వద్దా అనుకుంటుంటే, క్యాంటీన్‌లో టీ పోసే పెద్దావిడ వెనక నుంచి వచ్చి, "దారికి అడ్డం నిలబడ్డావేంటి పిల్లా, లోపలికైనా పో, పక్కకైనా జరుగు" అంది. లోపలికి వెళ్ళాను. ఆడవాళ్ళ కుళాయిల దగ్గర బండ నున్నగా, మంచుగడ్డలా ఉంది. జారబోయాను. ఆవిడ తన చెప్పులు విడిచి నా ముందుకి తోసింది. "వేసుకో. నాకు అలవాటే" అంది. ఆ చెప్పుల్లో కాళ్ళు పెట్టగానే, ఏమైందో తెలీదు, అక్కడే కూర్చుని ఏడ్చేశాను. వేరే మనిషి చెప్పులు అంత వెచ్చగా ఉంటాయని నాకు తెలీదమ్మా. చెప్పులు కుడుతూ కూడా తెలీదు.

ఎందుకేడుస్తున్నావని అడగలేదు ఆవిడ. "తిన్నావా?" అని అడిగింది. తిన్నానన్నాను. నమ్మలేదు. తర్వాత నేనే అన్న గురించి చెప్పాను. అన్న పోయాక ఇక్కడ ఎవరికీ చెప్పని మాట. అన్న పేరు కూడా చెప్పలేదు, అయినా నమాజయ్యాక అందరూ చేతులెత్తి "ఈ పిల్ల అన్నకి" అని దువా చేశారు. మా గురక అమ్మాయి కూడా ఆ వరసలోనే ఉంది! ఆ అమ్మాయి రోజూ వస్తుందట. ఒకే గదిలో ఉంటూ నేను అడగలేదు.

ఇప్పుడు పని సంగతి. మా ఫ్యాక్టరీలో రంగు తేడా వచ్చిన రబ్బరు జతలు పక్కన పెడతారు. నడకకి ఏ లోపమూ ఉండదు. అడిగితే సూపర్‌వైజరు ఇప్పించాడు. "మళ్ళీ మహారాజుకేనా?" అన్నాడు. "ఈసారి మహారాజులకి" అన్నాను. అడుగున గరుకు గీతలు లోతుగా ఉన్నవే ఏరాను, తడి బండ మీద పట్టు ఉంటుంది. మగవాళ్ళ కుళాయిలకీ, పైన మీ ఆడవాళ్ళకీ సరిపోతాయి. ఇక్కడి మసీదుకీ కొన్ని పెట్టాను. తాత పాదం కొలత కాగితం మీద గీసి పంపు. ఆయనకి విడిగా కుడతాను, పడవ కాకుండా.

సెలవు వద్దనలేదు. అడిగిన కాగితం అలాగే ఉంది.

నీ
బుడ్డి


సెప్టెంబర్ 18

బుడ్డీ, నా బంగారం,

పెట్టె చేరింది. విప్పుతుంటే మసీదులో పెళ్ళి సందడే అనుకో. ఒక కాలికి నీలం, ఒక కాలికి ఆకుపచ్చ ఉన్న జత కోసం పిల్లలు కొట్టుకున్నారు. తాత పాదం గీసిన కాగితం దీంతో పెడుతున్నాను. గీస్తుంటే చక్కిలిగిలి అని కాలు కదిపాడు, అందుకే బొటనవేలు దగ్గర వంకర పోయింది. దాన్ని చూసి వంకరగా కుట్టేవు.

ఆయన కట్టు విప్పారు. నిన్న తెల్లవారుజామున మళ్ళీ ఆయన గొంతు వినపడింది. మధ్యలో కాస్త బొంగురుపోయింది. నేను పొయ్యి దగ్గరికి వెళ్ళి అలాగే నిలబడిపోయాను. నిన్న అన్నం సరిగ్గా ఉడికింది.

కొత్తవి వచ్చాయి కదా, మెకానిక్ చెప్పుల్ని అద్దాల బీరువాలో భద్రంగా పెడదాం చెల్లెమ్మా అన్నాడు ఇనుప కొట్టాయన. నాకు ఒక్క క్షణం ఆశ పుట్టిన మాట నిజం. ఇంకా ఎన్నాళ్ళు ఉంటాయవి? ఒక వైపు మడమ కాగితమంత పల్చనైంది. కానీ వద్దన్నాను. బీరువాలో పెడితే మళ్ళీ వాటి మీద దుమ్మే. వాడు విడిచినచోటే ఉండనివ్వండి, నడిచినన్నాళ్ళు నడవనివ్వండి అన్నాను. అన్నన్ని కొత్త జతలున్నా, ముసలివాళ్ళు వచ్చి కళ్ళతో వాటినే వెతుక్కుంటున్నారట.

నువ్వు వచ్చే రోజుకి మన ఇంటి తాళం టీచరమ్మ దగ్గర ఉంటుంది. ఇంట్లో లేనని కంగారుపడకు. మధ్యాహ్నమైతే పైగదిలో మిషన్ దగ్గర ఉంటాను. తిన్నగా అక్కడికే వచ్చెయ్. కుళాయిల దగ్గర కాళ్ళు కడుక్కునేటప్పుడు ఎర్ర దారం ఉన్నవాటి కోసం మగవాళ్ళ వైపు తొంగి చూడకు, తాత కేకలేస్తాడు. నేనే పైకి తెప్పించి చూపిస్తాను. ఒకసారి నువ్వూ వాటిల్లో కాళ్ళు పెట్టి చూడు.

ఆ టీ పోసే పెద్దావిడకి నా సలాం చెప్పు. నువ్వు తిన్నానంటే నమ్మొద్దని కూడా చెప్పు. ప్రయాణమని హడావుడిలో ఖాళీ కడుపుతో బండెక్కకు. కడుపునిండా తిను తల్లీ.

అమ్మ